వెన్ను ఆపరేషన్ గాయాన్ని కుట్లు లేకుండా జిగురుతో మూశారు, పర్వాలేదా?

మీరు అడిగింది వేరేవాళ్లకీ తెలిసేలా ముందు క్లుప్తంగా చెప్తాను. మీ నాన్నగారికి 58 ఏళ్లు, షుగర్ ఉంది. నెల్లూరు నుంచి చెన్నై వచ్చి, నడుం దగ్గర ఎల్4, ఎల్5 అనే వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్‌కి ట్యూబ్ పెట్టి చేసే చిన్న కోత ఆపరేషన్ చేయించుకున్నారు. రెండో రోజే డిశ్చార్జ్ చేశారు. ఇప్పుడు పెరంబూరులో మీ పిన్నిగారి ఇంట్లో ఉన్నారు. నడుం మీద అంగుళం కూడా లేని గీత, దాని మీద మెరిసే ఒక పొర, అంతే. ఒక్క కుట్టూ కనపడటం లేదు. మీ పక్కింటాయనకి వెన్ను ఆపరేషన్ అయితే పిన్నులు కొట్టారట. "షుగర్ మనిషికి జిగురేసి పంపిస్తారా, వంగితే విచ్చుకుపోదూ" అని చుట్టాలు తలా ఒక మాట అంటున్నారు. స్నానం ఎప్పుడు చేయించాలి, పత్యం ఏం పెట్టాలి, నెల్లూరు ఎప్పుడు తీసుకెళ్లొచ్చు అన్నవి మీ మిగతా ప్రశ్నలు.

నేను చెన్నైలో వెన్నెముక ఆపరేషన్లు చేసే సర్జన్‌ని. మాది గూడూరు. నెల్లూరు, ఒంగోలు, చిత్తూరు వైపు నుంచి వచ్చే మనవాళ్లని చాలా ఏళ్లుగా చూస్తున్నాను. లోపల డిస్క్ ఎంత తీశారన్న దానికన్నా పైన కుట్లు ఎన్ని పడ్డాయన్నదే ఇంట్లోవాళ్లు ఎక్కువగా అడుగుతారు. అలా అడగడం సబబే. ఇంటికి వెళ్లాక వాళ్లు రోజూ చూసుకోవాల్సింది ఆ గాయాన్నే. అందుకే కొంచెం పొడుగైనా వివరంగా రాస్తున్నాను.

ముందు మీ టెన్షన్ సంగతి. ఆ గాయం బలమంతా లోపల వేసిన కుట్లలో ఉంటుంది. పైన మీకు కనిపిస్తున్న జిగురు చర్మం అంచులని పక్కపక్కన ఉంచడానికీ, మొదటి రోజుల్లో బయటి మురికి లోపలికి పోకుండా ఆపడానికీ వేసింది. డిశ్చార్జ్ సమ్మరీలో ఆపరేషన్ వివరాల చివర గాయాన్ని పొరలు పొరలుగా మూశామని ఒక లైను ఉంటుంది, చూడండి. దారం పేరు కూడా అక్కడే రాస్తారు. వైక్రిల్ అనో మోనోక్రిల్ అనో (రెండూ ఒంట్లో కరిగిపోయే దారాలు) కనిపిస్తే, లోపల కుట్లు పడ్డాయన్నమాట.

నడుం దగ్గర చర్మం కింద కొవ్వు, ఆ కొవ్వు కింద తెల్లటి గట్టి పొర ఒకటి ఉంటుంది. దాన్ని ఫేషియా అంటాం. వెన్నుకి అటూ ఇటూ ఉన్న కండరాలని కత్తిని ఒర పట్టుకున్నట్టు పట్టుకునేది అదే. పాత పద్ధతి పెద్ద ఆపరేషన్‌లో ఈ పొరని పొడుగ్గా కోసి, కండరాన్ని ఎముక నుంచి ఊడదీసి పక్కకి లాగేవాళ్లం. మూసేటప్పుడు కండరానికీ ఎముకకీ మధ్య ఖాళీ మిగిలేది. ఆ ఖాళీలో రక్తం చేరితే చీముకి అదే మొదలు. 1997లో అమెరికాలో ఫోలీ, స్మిత్ అనే ఇద్దరు సర్జన్లు ట్యూబ్ పద్ధతిని ప్రచురించాక దారి మారింది. ఇందులో కండరాన్ని కోయం. సన్నటి కడ్డీ మీద కొంచెం లావుది, దాని మీద ఇంకొంచెం లావుది దింపుతూ కండరం పోగులని పక్కకి జరిపి, చివరికి 16 నుంచి 22 మిల్లీమీటర్ల ట్యూబ్ పెడతాం. పని అయ్యాక ట్యూబ్ పైకి లాగితే ఆ పోగులు వాటంతట అవే దగ్గరికి వచ్చేస్తాయి. ఖాళీ దాదాపు ఉండదు. 2009లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో ఇలాంటి 1,338 చిన్న కోత వెన్ను ఆపరేషన్లు లెక్క చూస్తే గాయం చీము పట్టింది 0.22 శాతంలోనే. మీ నాన్నగారికి అన్నిటికన్నా పెద్ద రక్షణ ఈ పద్ధతే. జిగురా, దారమా అన్నది దాని తర్వాతి సంగతి.

మూయడం అనగానే చివర్లో అసిస్టెంట్‌కి వదిలేసే పని అనుకుంటారు. నా దృష్టిలో ఈ ఆపరేషన్‌లో జాగ్రత్త ఎక్కువ కావాల్సిన చోటు అదే, ఎందుకంటే కంత చిన్నది, లోతు ఎక్కువ. ట్యూబ్‌ని ఒక్కసారిగా లాగెయ్యం. మైక్రోస్కోప్‌లో చూస్తూ, కొంచెం కొంచెంగా పైకి తీస్తూ, కండరం గోడల్లో ఎక్కడ రక్తం చిమ్ముతుందో అక్కడ కాల్చి ఆపుకుంటూ వస్తాం. ట్యూబ్ నొక్కిపెట్టి ఉంచిన రక్తనాళం, ట్యూబ్ బయటికి రాగానే కారడం మొదలుపెడుతుంది. అప్పుడు చూడకపోతే ఇంకెప్పుడూ చూడలేం. తర్వాత ఆ తెల్ల పొరని వెతికి పట్టుకోవాలి. కంత ఇరుకు కాబట్టి మామూలు సూది తిరగదు, బాగా ఒంపు ఉన్న సూది కావాలి. అర్ధచంద్రం కన్నా ఎక్కువ ఒంపు ఉన్న సూదితో, 0 లేదా 1 నంబర్ వైక్రిల్‌తో ఒకటో రెండో కుట్లు. కొవ్వునే పట్టి ముడేసి, పొర పట్టుకున్నాననుకునే ప్రమాదం లావుపాటి మనుషుల్లో ఉంటుంది. అందుకని ముడి వేసేముందు దారాన్ని కొంచెం పైకి లాగి చూస్తాను. పొర నిజంగా పట్టుబడితే చేతికి గట్టిగా తగులుతుంది, కొవ్వయితే మెత్తగా వచ్చేస్తుంది.

దాని పైన చర్మం అడుగు పొరలో 2-0 లేదా 3-0 సైజు సన్నటి దారంతో రెండు మూడు కుట్లు, ముడి కిందికి ఉండేలా. ముడి పైకి ఉంటే తర్వాత చర్మంలోంచి పొడుచుకొస్తుంది. ఈ కుట్లు సరిగ్గా పడ్డాయంటే పైన ఏమీ వేయకుండానే చర్మం అంచులు ఒకదాన్నొకటి తాకుతూ ఉంటాయి. అంచుల మధ్య ఎడం ఇంకా ఉంటే జిగురు వేసి లాభం లేదు, లోపల మళ్లీ కుట్టాలి.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి, ఎవరూ పెద్దగా మాట్లాడని విషయం ఇది. 18 మిల్లీమీటర్ల ట్యూబ్ చుట్టుకొలత దాదాపు 56 మిల్లీమీటర్లు. 20 మిల్లీమీటర్ల కోత పూర్తిగా నోరు తెరిచినా రెండంచులూ కలిపి 40 మిల్లీమీటర్లే. మిగతా 16 మిల్లీమీటర్లు చర్మం సాగి ఇవ్వాలి. గంటసేపు అలా సాగి, లోహం అంచుకి ఒత్తుకుని ఉంటే అక్కడికి రక్తం సరిగ్గా అందదు. ట్యూబ్ తీశాక చూస్తే కొందరిలో అంచు నలిగి, పాలిపోయో నీలంగానో ఉంటుంది. దాన్ని అలాగే కలిపేస్తే పది రోజులకి సరిగ్గా అక్కడే నల్ల పొక్కు కడుతుంది. అందుకే నేను కోత రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువే పెట్టుకుంటాను. అంచు నలిగినట్టు అనిపిస్తే సన్నగా కత్తిరించి తాజా అంచులని కలుపుతాను. కోత ఎంత చిన్నదో చెప్పుకోవడానికి చర్మాన్ని నలపడం నాకు అస్సలు నచ్చదు. మానాక 20 మిల్లీమీటర్ల మచ్చకీ 23 మిల్లీమీటర్ల మచ్చకీ తేడా ఎవరికీ తెలియదు, నలిగిన అంచు మాత్రం మూడు వారాలు సతాయిస్తుంది.

ఇక చర్మం పైపొర. దీనికి వాడే వాటిలో జిగురు, చర్మం లోపల్లోపలే నడిపే కరిగే దారం, బయటికి కనిపించే నైలాన్ కుట్లు, పిన్నులు ముఖ్యమైనవి. కాగితం లాంటి అంటుపట్టీలు వీటికి తోడుగా వాడతారు.

ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది జిగురు. "ఇది ఫెవిక్విక్ లాంటిదే కదా డాక్టర్" అని అడుగుతారు. సయనో ఎక్రిలేట్ కుటుంబం ఒకటే, నిజం. ఇంట్లో వాడేది ఆ కుటుంబంలో పొట్టి గొలుసు రసాయనం. గట్టిపడేటప్పుడు వేడి పుట్టిస్తుంది, విరిగినప్పుడు కణాలకి హాని చేసే పదార్థాలు వదులుతుంది. గాయాలకి వాడేది పొడవు గొలుసుది, నెమ్మదిగా విరుగుతుంది, సాగుతుంది, స్టెరిలైజ్ చేసి వస్తుంది. డెర్మాబాండ్ పేరుతో దొరికే రకానికి అమెరికాలో 1998లో అనుమతి వచ్చింది. అంచు లేచిందని ఇంట్లో ఉన్న ట్యూబ్ తీసి మీరు మాత్రం ఎప్పుడూ వేయకండి.

జిగురు గాయం లోపలికి పోకూడదు, అంచులు కలిపి పట్టుకుని పైపైన మాత్రమే పూయాలి. లోపలికి దిగితే రెండంచుల మధ్య అదే అడ్డుగోడగా నిలబడి మాననివ్వదు. చర్మం పొడిగా ఉండాలి, రక్తం ఊరుతూ ఉంటే పట్టదు. వేసిన 5 నుంచి 10 రోజుల్లో చర్మం పైపొరతో పాటు పొరలుగా ఊడిపోతుంది. ఎక్కడో మూల లేచిందని గిల్లి లాగొద్దు. నూనె, వాజలైన్, ఆయింట్‌మెంట్ తగిలితే జిగురు మెత్తబడి ముందే ఊడుతుంది. మన ఇళ్లలో ఏ గాయానికైనా చేతికొచ్చేది కొబ్బరి నూనె, పసుపు. ఆ రెండూ ఈ గాయం దగ్గరికి రానివ్వకండి. కొంతమందికి జిగురు పడదు. వారం అటూఇటూగా గాయం చుట్టూ, జిగురు పూసినంత మేరా ఎర్రగా దద్దురు లేచి విపరీతంగా దురద పెడుతుంది. చూడటానికి ఇన్ఫెక్షన్‌లా ఉంటుంది, కానీ దురద ముందు, నొప్పి తక్కువ, జ్వరం ఉండదు. డాక్టర్‌కి చూపిస్తే జిగురు తీసేసి మందు రాస్తారు.

లోపల నడిపే దారం, అంటే 3-0 లేదా 4-0 మోనోక్రిల్, నాకు ఇష్టమైన పద్ధతి. చర్మం కిందే పాములా సాగుతుంది, తియ్యనక్కర్లేదు, మచ్చ సన్నగా వస్తుంది. దాని మీద పల్చగా జిగురో అంటుపట్టీయో వేస్తే సరి. మీ నాన్నగారికి కూడా ఇదే అయి ఉండొచ్చు.

పిన్నుల్లో వేగం ఎక్కువ. జానెడు పొడుగున్న పెద్ద కోతకి అది నిజంగా ఉపయోగం. మీ పక్కింటాయనది పెద్ద కోత ఆపరేషన్ అయి ఉంటుందని నా ఊహ. అంగుళం కోతకి పిన్నులతో ఆదా అయ్యే సమయం రెండు నిమిషాలు, ఆ రెండు నిమిషాలకి పది పన్నెండు రోజుల తర్వాత పిన్నులు తీయించుకోవడానికి మళ్లీ నెల్లూరు నుంచి రావాలి. ఎముకల ఆపరేషన్ల మీద 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణలో పిన్నులు వేసినచోట గాయం చీము పట్టడం దారంతో కుట్టినదాని కన్నా ఎక్కువని తేలింది. అది ఎక్కువగా తుంటి లాంటి ఆపరేషన్ల లెక్క, వెన్నుకి అచ్చంగా అంటగట్టలేం. అయినా చిన్న కోతకి పిన్నులు కొట్టడానికి నాకు కారణం కనపడదు.

నైలాన్ కుట్లని మాత్రం తీసిపారేయను. కొందరికి అవే కావాలి. రెండోసారి అదే చోట కోసినవాళ్లు, ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడి చర్మం కాగితంలా పల్చబడినవాళ్లు, చర్మం అంచు అనుమానంగా ఉన్నవాళ్లు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆపరేషన్‌లో నరాల చుట్టూ ఉండే పొర చిరిగి వెన్నునీరు కారినవాళ్లు. వాళ్లకి నీరు చుక్క కూడా బయటికి రాకుండా దగ్గర దగ్గరగా నైలాన్ వేసి రెండు వారాలు ఉంచుతాను. అలాంటిది జరిగి ఉంటే సమ్మరీలో రాస్తారు, మీకు చెప్పి కూడా ఉంటారు.

షుగర్ ఉంది కాబట్టి పిన్నులే వేయాలి, నైలానే వేయాలి అన్న నియమం ఏదీ లేదు. షుగర్ మనిషిలో మానడం నెమ్మది, క్రిమి తేలిగ్గా పడుతుంది. దానికి మందు పైన వేసే దారంలో లేదు, రక్తంలో చక్కెర అదుపులో ఉంది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2017 సూచనలు ఆపరేషన్ వేళ చక్కెర 200 దాటకుండా చూడమంటాయి. ఇంటికొచ్చాక కూడా గ్లూకోమీటర్‌తో రోజూ చూడండి. ఆస్పత్రిలో ఇన్సులిన్ ఇచ్చి ఇంటికి మాత్రలతో పంపిన మొదటి వారమే అంకెలు పైకి పోయేది. రెండు రోజులు వరసగా 200 దాటితే షుగర్ డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఆయన సిగరెట్ తాగే మనిషయితే, ఇప్పుడు మానడం ఏ జిగురు కన్నా ఎక్కువ పని చేస్తుంది.

వంగితే విచ్చుకుంటుందా అన్నారు. మొదటి వారం చివరికి గాయం సొంత బలం మామూలు చర్మంలో 5 శాతం కూడా ఉండదు. మూడు వారాలకి ఇంచుమించు 20 శాతం, మూడు నెలలకి 80 శాతం దగ్గరికి వస్తుంది. ఈలోపు భారం మోసేది లోపలి దారం. వైక్రిల్ రెండు వారాలకి ముప్పాతిక బలం, మూడు వారాలకి సగం బలం నిలుపుకుంటుంది, రెండు నెలలు దాటేసరికి కరిగిపోతుంది. కాబట్టి లేవడం, కూర్చోవడం, నడవడం వల్ల ఏమీ ఊడదు. నడవమనే చెప్పి పంపి ఉంటారు. వంగి బిందె ఎత్తొద్దని చెప్పేది గాయం కన్నా ముఖ్యంగా డిస్క్ కోసం.

ఇప్పుడు రోజువారీ చూసుకోవడం. ఈ గాయానికి ఉన్న ఇబ్బంది, అది ఆయన చూసుకోలేని చోట ఉంది. "బాగానే ఉంది రా" అని ఆయన అన్నంత మాత్రాన వదిలేయకండి. మీరో మీ అమ్మగారో రోజూ ఒకే వేళకి, ఒకే లైటు కింద, చొక్కా పైకెత్తి చూడండి. ఫోన్‌లో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. నిన్నటి ఫోటో పక్కన ఇవాళ్టిది పెడితే ఎరుపు పాకుతోందో తగ్గుతోందో ఇట్టే తెలుస్తుంది. మా వార్డుకి ఇలాంటి ఫోటోలు వస్తే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి. చూసేముందు చేతులు సబ్బుతో కడుక్కోండి, గాయాన్ని వేలితో నొక్కి చూడకండి.

మొదటి రెండు రోజుల్లో డ్రెస్సింగ్ మీద రూపాయి బిళ్లంత ఎర్రటి మరక మామూలే. గీతకి అటూఇటూ సన్నగా గులాబీ రంగు, ముట్టుకుంటే కొంచెం గట్టిగా తగలడం, చుట్టూ మొద్దుబారినట్టు ఉండటం, ఇవన్నీ మానడంలో భాగమే. ఎండోస్కోపీతో, అంటే ఇంకా చిన్న 8 మిల్లీమీటర్ల కంతలోంచి నీళ్లు పారిస్తూ చేసిన ఆపరేషన్ అయితే మొదటి రోజు డ్రెస్సింగ్ అంతా లేత ఎరుపు నీళ్లతో తడిసిపోవచ్చు, అది లోపల మిగిలిన సెలైన్. మీ నాన్నగారిది ట్యూబ్ కాబట్టి ఆయనకి అంత తడి రాకూడదు.

స్నానం 48 గంటల తర్వాత చేయించొచ్చని చాలా దేశాల సూచనలు చెప్తాయి. మీ సర్జన్ వేరేలా చెప్పి ఉంటే ఆయన మాటే వినండి. మన ఇళ్లలో స్నానం అంటే బకెట్, చెంబు, పీట. పీట మీద కూర్చుని వంగి నీళ్లు ముంచుకోవడం కుదరదు. బకెట్‌ని ఎత్తైన స్టూలు మీద పెట్టండి, ఆయన నిలబడి పోసుకుంటారు. నీళ్లు గాయం మీదుగా జారిపోతే ఏమీ కాదు, సబ్బు రుద్దకూడదు, నానబెట్టకూడదు. తర్వాత శుభ్రమైన మెత్తటి తువ్వాలుతో అద్దండి, తుడవొద్దు. టబ్బు, చెరువు, సముద్రం ఒక నెల మర్చిపోండి. చెన్నై వచ్చాం కదా అని మెరీనాలో కాళ్లు తడుపుకోవడం వరకు పర్వాలేదు.

ఈ ఊళ్లో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది చెమట. ఇప్పుడు మే నెల, కర్తరి ఎండలు. నడుం చెమట సరిగ్గా ఆ గాయం ఉన్న చోటికే జారుతుంది. పైన నీళ్లు పోని ప్లాస్టిక్ డ్రెస్సింగ్ వేస్తే చెమట దాని కింద చేరి, రెండు రోజులకి చర్మం తెల్లగా నాని ముడతలు పడుతుంది. అలా నానిన చర్మంలోకే క్రిములు దిగుతాయి. డ్రెస్సింగ్ అంచు లేచినా, కింద తేమ కనిపించినా మార్పించండి. జిగురు పొర బాగుండి తడి ఏమీ రాకపోతే రెండు మూడు రోజుల తర్వాత డ్రెస్సింగే అక్కర్లేకపోవచ్చు, అడిగి తీసేయండి. పలచటి కాటన్ బనియన్, ఫ్యాన్ గాలి చాలు. లుంగీ ముడి, ప్యాంటు బెల్టు గాయం మీద ఒరుసుకోకుండా కిందికి కట్టుకోమనండి. నడుం బెల్టు ఇచ్చి ఉంటే బనియన్ మీద పెట్టాలి, ఒంటికి నేరుగా తగలకూడదు. పౌడరు చల్లొద్దు.

పత్యం గురించి గట్టిగానే చెప్తాను. పప్పు తింటే చీము పడుతుందని మనవైపు నాటుకుపోయింది. ఆపరేషన్ అయిన మనిషికి నెల రోజులు చారన్నం, కారప్పొడి పెట్టి, పప్పు, గుడ్డు, పెరుగు ఆపేస్తారు. గాయం అల్లుకోవడానికి కావలసిన ప్రోటీన్ సరిగ్గా వాటిలోనే ఉంటుంది. చీము పుట్టేది క్రిముల వల్ల, కందిపప్పుకి దానితో సంబంధం లేదు. పప్పు, గుడ్లు, చేపలు, పెరుగు, ఆకుకూరలు, ఆయన తినేవన్నీ పెట్టండి, అన్నం మాత్రం షుగర్‌కి తగ్గట్టు. మీ పిన్నిగారికి నచ్చజెప్పడం కష్టమైతే ఈ పేరా చదివి వినిపించండి.

యాంటీబయాటిక్ మాత్రలు ఇంకో వారం పొడిగించమని మెడికల్ షాపులో అడిగి కొనకండి. చీము రాకుండా పనిచేసే డోసు కోతకి ముందే సెలైన్‌లో పడిపోయింది. ఆపరేషన్ అయ్యాక ముందుజాగ్రత్తకని కొనసాగించొద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 నుంచి చెప్తోంది. మీ డాక్టర్ రాసినవి ఉంటే రాసినన్ని రోజులు వాడండి, అంతకు మించి వద్దు.

ఇక ఆగకుండా ఆస్పత్రికి పోవాల్సిన సందర్భాలు. మూడు నాలుగు రోజుల తర్వాత తగ్గాల్సిన ఎరుపు పాకుతుంటే, గాయం వేడిగా ఉబ్బితే, చీము కనిపిస్తే, డ్రెస్సింగ్ మళ్లీ మళ్లీ తడుస్తుంటే, జ్వరం 100.4 దాటితే ఆ రోజే చూపించండి. నీళ్లలా తేటగా కారుతూ, లేచి కూర్చోగానే తలనొప్పి వచ్చి పడుకుంటే తగ్గుతుంటే అది వెన్నునీరు కావచ్చు, పడుకోబెట్టి ఫోన్ చేయండి. కాలిలో బలం తగ్గుతున్నా, ఒంటేలు రాకపోయినా, మలద్వారం చుట్టూ స్పర్శ తెలియకపోయినా అర్ధరాత్రి అయినా ఎమర్జెన్సీకే.

వీటిలో చేరని ఒక సంగతి ఉంది, చాలామంది దాన్ని జారవిడుస్తారు. పైన గాయం ముచ్చటగా మానిపోయి, లోపల డిస్క్ చోట ఇన్ఫెక్షన్ రావచ్చు. అరుదు, కానీ షుగర్ వాళ్లలో గుర్తుంచుకోవాలి. ఆపరేషన్ తర్వాత నొప్పి బాగా తగ్గి, రెండు మూడు వారాలు హాయిగా ఉండి, ఉన్నట్టుండి నడుంలో భయంకరమైన నొప్పి మొదలవుతుంది. మంచం మీద పక్కకి తిరగడానికి కూడా అరుస్తారు. జ్వరం ఉండకపోవచ్చు. గాయం బాగానే ఉంది కదా, ఏదో పట్టేసిందిలే అని నూనె రాసి రోజులు గడపొద్దు. ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఉంటే పట్టించే సీఆర్‌పీ, ఈఎస్ఆర్ రక్తపరీక్షలు, అవసరమైతే ఎంఆర్ఐ చేయించాలి. సీఆర్‌పీ ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులకి బాగా పెరిగి రెండు వారాల్లోపు మామూలుకి రావాలి. మూడో వారంలో మళ్లీ పైకి ఎక్కితే అది చెప్పే కబురుని నమ్మాలి. స్క్రూలు వేయని ఆపరేషన్‌కి ఇన్ఫెక్షన్ కోసం నెల రోజులు, స్క్రూలు వేసినవాళ్లకి మూడు నెలలు కనిపెట్టి ఉండాలి.

నెల, నెలన్నర తర్వాత గీత మీద మొటిమలాంటిది లేచి, అందులోంచి తెల్ల దారం ముక్క తొంగి చూడొచ్చు. లోపలి ముడి కరగకముందే బయటికి వస్తోందన్నమాట. లాగకండి. చూపిస్తే చిటికెలో కత్తిరిస్తారు, రెండు రోజుల్లో మానిపోతుంది. మచ్చ గురించి మగవాళ్లు పెద్దగా అడగరు గానీ, ఉబ్బుగా మచ్చలు కట్టే ఒళ్లయితే గాయం పూర్తిగా మూసుకున్నాక సిలికాన్ జెల్ రాయొచ్చు.

నెల్లూరు ప్రయాణం మొదటి గాయం చెకప్ అయ్యాక పెట్టుకోమంటాను. కారులో కూలబడి కూర్చునేకన్నా రైలు మేలు, పినాకిని లాంటి పగటి బండిలో మధ్యమధ్య లేచి నడవొచ్చు. సంచులు మీరే మోయండి. డిశ్చార్జ్ సమ్మరీ, వార్డు ఫోన్ నంబరు, ఆ ఫోటోలు దగ్గరుంచుకోండి. ఊళ్లో ఎవరికైనా గాయం చూపిస్తే, లోపల కరిగే కుట్లు ఉన్నాయనీ పైన ఉన్నది జిగురనీ ముందే చెప్పండి. కుట్లు తీయడానికని జిగురుని స్పిరిట్‌తో రుద్ది గీకి, మానుతున్న గాయాన్ని రేపిన సందర్భాలు నేను చూశాను. ఏదైనా అనుమానం ఉంటే వాళ్లు చేయి పెట్టేముందు మీ సర్జన్‌తో ఫోన్‌లో మాట్లాడించండి.